నల్లకోటుకు నీలం గుండీ

జనవరి 9

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ నేనూ నా కుట్టు మిషనూ కులాసా. అక్కడ నువ్వూ, మరదలూ, నీ దుబారా కూడా కులాసాగానే ఉండి ఉంటారు. నువ్వు హోటల్ మేనేజరువయ్యావన్న కబురు అందింది. ఇరవై రెండేళ్ళు కౌంటర్లో నిలబడి వచ్చినవాళ్ళకి తాళంచెవులు అందించావు. ఇప్పటికి నీకో కుర్చీ ఇచ్చారు. సంతోషం పట్టలేక మిషను ఆపేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. నేను ఊరికే కూర్చోవడమంటే ఏమిటో నీకు తెలుసుగా. అయితే ఆ ఒక్క ముక్క చెప్పడానికి శుభలేఖంత మందం కాగితం దేనికిరా? కార్డు చాలదూ?

మేనేజరంటే నల్లకోటు ఉండాలన్నావు. ఖబడ్దార్, కొత్తది కొన్నావంటే ఊరుకోను. పార్శిల్లో నాన్న కోటు పంపుతున్నాను. పాతదని మూతి ముడవకు. కుట్టు కుట్టూ విప్పి, బట్టని తిరగేసి, మళ్ళీ మొదటి నుంచి కుట్టాను. నాలుగు నెలలు పట్టింది. బయటి వైపు ముప్పై ఏళ్ళ ఎండ తిన్నది గానీ, లోపలి వైపు నిన్న మగ్గం దిగినట్టే ఉంది. పాత కాజాలు రఫూ చేసి మూసేసి, ఎడమ వైపు కొత్తవి కోశాను. ఎక్కడ మూశానో వేలితో తడిమి చెప్పు చూద్దాం. తిరగేసినందుకు పైజేబు మాత్రం కుడి వైపుకి వచ్చింది. దానికి నేనేం చెయ్యను? అద్దంలో చూసుకో, సరైన వైపునే ఉంటుంది.

నాన్న గుండీల్లో రెండే మిగిలాయి. మూడోది నా డబ్బాలో వెతికి జత కలిపాను. ముట్టుకు చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు.

ఈ మధ్య పొద్దుండగానే పని ముగించేస్తున్నాను. కరెంటూ ఆదా, ఒళ్ళూ ఆదా. మరదల్ని అడిగానని చెప్పు.

నీ అక్క

*

జనవరి 27

అక్కా,

కోటు అందింది. సరిగ్గా సరిపోయింది. భుజాల దగ్గర నా కొలత నీకు ఇంకా గుర్తుంది. ఇక్కడితో ఉత్తరం ఆపేస్తే బాగుండేది గానీ, కడుపులో ఉన్నది కక్కకపోతే నాకు నిద్రపట్టదు.

శనివారం మా కొత్త హాలు తెరిచారు. పైన ఎనభై దీపాల గుత్తి. గుమ్మంలో నేను, నా ఒంటి మీద నీ కోటు. యజమానురాలు వచ్చి నన్ను పైనుంచి కిందికి చూసి, చూపు పొట్ట దగ్గర ఆపేసింది. "మేనేజరు గారూ, రెండు గుండీలు నల్లవి, ఒకటి నీలం. ఇదేమన్నా కొత్త ఫ్యాషనా?" అంది. వెనకాల ఉన్న పదిమందీ నవ్వారు. ఇంట్లో మా గుడ్డి బల్బు కింద నాకూ నీ మరదలికీ కనిపించలేదు. అక్కడ మాత్రం ఆ నీలం నిగనిగలాడిపోయింది.

తర్వాత మూడు గంటలు పొట్ట మీద చెయ్యి వేసుకునే నిలబడ్డాను. చెయ్యి తీస్తే గుండీ కనిపిస్తుంది. వచ్చిన పెద్దమనుషుల్లో నలుగురు "కడుపునొప్పా?" అని అడిగారు. వంటవాడు సోడా తెచ్చిచ్చాడు.

ఒక్క నల్ల గుండీ కొంటే నీ ఆస్తి కరిగిపోయేదా? పొదుపు వేరు, పిసినారితనం వేరు అక్కా. అరిగిన సబ్బుముక్కల్ని ఒకదానికొకటి నొక్కి కొత్త సబ్బు చేసేదానివి. సరే. నీ పాత గౌనుతో నాకు చొక్కా కుట్టావు. అదీ సరే. బళ్ళో నన్ను 'అతుకుల బాబు' అనేవాళ్ళని నీకు ఏనాడూ చెప్పలేదు. అమ్మ లేని ఇంట్లో నువ్వు మాత్రం ఏం చేస్తావులే అనుకున్నాను. మన వీధిలో అందరూ నువ్వు పిల్లికి బిచ్చం పెట్టవనేవాళ్ళు. నీ కోసం వాళ్ళతో పోట్లాడేవాణ్ణి. ఇప్పుడెవరితో పోట్లాడను?

తమ్ముడు

*

ఫిబ్రవరి 5

చిరంజీవి తమ్ముడికి,

నీ ఉత్తరంతో కడుపు నిండిపోయిందిరా. ఆ పూట వంట కూడా చేసుకోలేదు, చూడు ఎంత ఆదానో.

మీ యజమానురాలు వచ్చి గుండీల దగ్గరే చూపు ఆపేసిందంటే ఆవిడకి కుట్టుపని తెలుసన్నమాట. అందరూ కోటుని పైపైన చూసి వెళ్ళిపోతారు. తెలిసినవాళ్ళే గుండీలు చూస్తారు. ఎవరు కుట్టారని అడిగితే నా పేరు చెప్పడానికి మొహమాటపడకు.

పొట్ట మీద చెయ్యి వేసుకుని మూడు గంటలు హుందాగా నిలబడ్డావట! నాన్న అచ్చం అలాగే నిలబడేవారు. కోటుతో పాటు ఆ ఠీవి కూడా నీకు వచ్చిందనుకున్నాను. వచ్చినవాళ్ళు నీ ఆరోగ్యం కూడా అడిగారంటే వాళ్ళకి నీ మీద ఎంత అభిమానమో. ఆ వంటవాణ్ణి వదులుకోకు, అడక్కుండా సోడా ఇచ్చేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారు?

చిన్నప్పుడు నా కోసం వీధిలో పోట్లాడేవాడివని గుర్తు చేశావు. మోకాళ్ళు చీరుకుని వచ్చేవాడివి. ఎందుకురా అంటే పడ్డానని చెప్పేవాడివి. ఇన్నాళ్ళకి తెలిసింది. అది తల్చుకుని కాసేపు కళ్ళు ఒత్తుకున్నాను.

కోటుని ఎండలో ఆరేయకు. నీడలో వెయ్యి.

నీ అక్క

*

ఫిబ్రవరి 14

అక్కా,

వెటకారమా? నా తల కొట్టేసినట్టయిందని నేను రాస్తే, ఠీవి అంటావా? ఆవిడకి కుట్టుపని తెలుసా? నీ ఉత్తరం నీ మరదలికి చదివి వినిపించాను. తను నవ్వాలో ఏడవాలో తెలియక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పైగా ఆ వెటకారం ఐదు కాగితాల మీద! పేజీకి ఆరు పంక్తులు, కొండంత అక్షరాలు. ఒకప్పుడు నీ కార్డు వస్తే చీమలబారు పట్టినట్టుండేది. మధ్యలో నింపి, అంచుల చుట్టూ తిప్పి, ఆఖరికి నా చిరునామా పక్కన కూడా రెండు ముక్కలు ఇరికించేదానివి. నేను కార్డుని గుండ్రంగా తిప్పుతూ చదివేవాణ్ణి. ఇప్పుడేమో కాగితం దగ్గర చేతికి ఎముక లేదు, నా గుండీ దగ్గర మాత్రం పిడికిలి బిగిసిపోయింది. నన్ను ఎగతాళి చెయ్యడానికైతే నీకు ఖర్చు అడ్డురాదన్నమాట.

సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. నల్లకోటుకి నీలం గుండీ ఎందుకు కుట్టావు?

కొత్త కోటుకి కొలతలిచ్చి వచ్చాను. నాన్న కోటు బీరువా మీద ఉంది.

తమ్ముడు

*

ఫిబ్రవరి 24

తమ్ముడికి,

సూటిగా అడిగావు, సూటిగానే చెబుతాను. అవును, నేను పిసినారినే. డబ్బాలో నీలం గుండీ ఉండగా నల్లది కొనడం ఎందుకని వేసేశాను. చీకట్లో రెండూ ఒకటే అనుకున్నాను. మీ హాల్లో అన్ని దీపాలు ఉంటాయని నాకేం తెలుసు?

నేను కుట్టుపని నేర్చుకున్న పెద్దావిడ ఒక మాట అనేది. మన నోరు మనం కట్టుకుంటే పొదుపు, ఎదుటివాడి నోరు కడితే పిసినారితనం. బట్ట కత్తిరించేటప్పుడు కూడా అంతే అనేది. మిగిలిన ముక్క మన తెలివి వల్ల మిగలాలి గానీ, తొడుక్కునేవాడి చంక బిగించి కాదు. ఇన్నేళ్ళూ ఆ గీత దాటలేదనుకున్నాను. నీ గుండీ దగ్గర దాటాను. తప్పే, మన్నించు.

అతుకుల బాబు అన్నారని మొన్ననే తెలిసింది. ఆ గౌను చొక్కాకి కాలరు మాత్రం కొత్త బట్టతో వేశాను, గుర్తుందా? పైకి కనిపించేది కొత్తదిగా ఉండాలని. ఎవరి కళ్ళూ కాలరు మీద పడలేదన్నమాట.

అక్షరాలు పెద్దవంటావా, పెన్ను మార్చాను. దీని పాళీ లావు. పిసినారిదాన్ని కదా, ఎవరో పారేస్తే తెచ్చుకున్నాను.

కొత్త కోటు శుభమా అని తొడుక్కో. నాన్న కోటు పారెయ్యకు. అంతే అడుగుతున్నాను.

నీ అక్క

*

మార్చి 4

అక్కా,

ఇవి ముప్పై కాగితాలు. కాగితానికి రెండు మాటలు. కావాలనే ఇంత పెద్దగా రాశాను. తిట్టకు. నువ్వే చదువు.

నీ మరదలు నీ ఉత్తరాలన్నీ మంచం మీద వరసగా పరిచింది. మూడేళ్ళ కిందటివి ఆవగింజలు. నిరుటివి మిరియాలు. ఇప్పటివి గుండీలు. చివరి ఉత్తరంలో ఒక పంక్తి మీదే ఇంకో పంక్తి ఎక్కింది.

"వదినకి చెయ్యి ధారాళం కాలేదండీ. చూపు తగ్గింది," అంది.

అక్కా, నీలం గుండీ నల్లదనుకునే కుట్టావు కదూ? పిసినారినని ఎందుకు ఒప్పుకున్నావు? నాకు కోపం లేదు. భయంగా ఉంది. నిజం చెప్పు.

తమ్ముడు

*

మార్చి 13

చిరంజీవి తమ్ముడికి,

ముప్పై కాగితాలు! ఒళ్ళు మండిపోయింది. తర్వాత కిటికీ దగ్గర కూర్చుని, ఒక్కొక్కటీ ముక్కుకి ఆనించుకుని నేనే చదివాను. ఒక పొద్దంతా పట్టింది. నా అంతట నేను ఉత్తరం చదివి ఏడాది దాటిందిరా.

ఇన్నాళ్ళూ నీ ఉత్తరాలు చదివిపెట్టింది పోస్టుమాన్. చాలా మంచివాడు. రోజూ పొద్దున్నే వచ్చి, ఉత్తరం ఉన్నా లేకపోయినా పన్నెండు సూదులకి దారం ఎక్కించి వెళతాడు. నీ జనవరి ఉత్తరం చదువుతూ మధ్యమధ్యలో దగ్గాడు. జలుబేమో అనుకున్నాను. గుండీలు అందరూ చూశారన్నాడు, హుందా అన్నాడు, అభిమానమన్నాడు. కష్టమైన ముక్కలన్నీ ఆ దగ్గులో మింగేశాడన్నమాట. రెండో ఉత్తరం తెచ్చినప్పుడు మొదటి పంక్తికే మళ్ళీ దగ్గు మొదలెట్టాడు. ఉన్నదున్నట్టు చదవమని ఒట్టు పెట్టించుకున్నాను. ఆ ఒట్టు మీదే మొదటి ఉత్తరంలోని అతుకుల బాబు సంగతి కూడా బయటపెట్టాడు. పాపం, చదువుతున్నంతసేపూ నాకంటే అతనే ఎక్కువ సిగ్గుపడ్డాడు.

పిసినారినని ఎందుకు ఒప్పుకున్నానంటావా? పిసినారి దర్జీ దగ్గరకి జనం గొణుక్కుంటూనైనా వస్తారు. చూపులేని దర్జీ దగ్గరకి ఎవరొస్తారు? అందుకని దీపం వెయ్యకపోతే కరెంటు ఆదా అన్నాను. పువ్వుల పని మానేస్తే దారం దండగ అన్నాను. అందరూ ఇట్టే నమ్మేశారు. నువ్వు కూడా. ఒక పక్క నవ్వొచ్చింది, ఒక పక్క గుండె కలుక్కుమంది.

డాక్టరు శుక్లాలన్నాడు, ఆపరేషన్ అన్నాడు. ఎప్పుడో వేసవిలో చెప్పాడు. ఈ వయసులో ఈ కళ్ళకి అంత ఖర్చు దేనికి? ఉన్న చూపునే పొదుపుగా వాడుకుంటున్నాను. తిన్నగా పోయే కుట్టుకి కళ్ళు మూసుకుంటాను, చేతులకి దారి తెలుసు. మూల వచ్చినప్పుడు మాత్రం తెరుస్తాను. అలా రోజులో సగం చూపు మిగులుతుంది.

నిజం అడిగావు కాబట్టి ఇంకొకటి. ఖర్చు ఒక్కటే కాదు. డాక్టరు ఇక కుట్టొద్దంటాడేమోనని భయం.

నీ అక్క

*

మార్చి 20

అక్కా,

పోస్టుమాన్ గారూ, మీకు నమస్కారం. సూదుల సంగతి తెలిసి మీకు ఎలా రుణం తీర్చుకోవాలో తెలియడం లేదు. ఈసారి మాత్రం దయచేసి దగ్గకుండా చదవండి.

అక్కా, నీ చూపు పొదుపు సంగతి నీ మరదలికి చదివి వినిపించాను. తర్వాత తను లేచి కళ్ళు మూసుకుని బియ్యం ఏరడానికి ప్రయత్నించింది. రెండు నిమిషాలకే పళ్ళెం పక్కన పెట్టేసి ఏడ్చింది.

మీ పెద్దావిడ చెప్పిన సూత్రం నీకే అప్పజెబుతున్నాను. మన నోరు మనం కట్టుకుంటే పొదుపు అన్నావు. ఎంతవరకు? ఆ కళ్ళు నీ ఒక్కదానివే అనుకుంటున్నావా? రాత్రిళ్ళు నా జ్వరం చూసిన కళ్ళు, నా చొక్కాకి కొత్త కాలరు వేసిన కళ్ళు. వాటిలో నాకూ వాటా ఉంది. నీ మీద నువ్వు చూపించేది కూడా పిసినారితనమేనక్కా. పిసినారికి ఖర్చెక్కువ, బద్ధకస్తుడికి పనెక్కువ అని నాకు బెత్తంతో నేర్పింది నువ్వు కాదూ? ఒక్క కాజా తప్పు కోస్తే కోటంతా దండగ అని కూడా నువ్వే చెప్పావు.

కుట్టొద్దంటాడేమోనన్న భయం గురించి ఇక్కడి కళ్ళ డాక్టరుని అడిగాను. మా హోటల్‌కి రోజూ టీకి వస్తాడు. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు ఆగమంటారు, తర్వాత నిక్షేపంగా కుట్టుకోవచ్చన్నాడు. కుట్టకూడనిది ఇప్పుడు, ఈ చూపుతో అన్నాడు.

శుక్రవారం ఇద్దరం వస్తున్నాం. డాక్టరు దగ్గరకి నేను తీసుకెళతాను. నీ మరదలు నెల రోజులు నీ దగ్గరే ఉంటుంది. దీపాలన్నీ వేస్తుంది. గొణగడానికి నీకు అనుమతి ఉంది, ఆర్పడానికి లేదు.

కొత్త కోటు వద్దని దర్జీకి చెప్పేశాను. నాన్న కోటే వేసుకుని పనికి వెళుతున్నాను. నిన్న ఎవరో గుండీ గురించి అడిగితే, "మా అక్క కుట్టింది" అన్నాను. పొట్ట మీద చెయ్యి పెట్టుకోలేదు.

తమ్ముడు

*

మే 6

చి. తమ్ముడికి,

భూతద్దం తెచ్చుకున్నావా? కార్డు ఒక్కటే, మాటలు చాలా ఉన్నాయి. కట్టు విప్పగానే మొదట కనిపించింది నీ తల. ఇంత నెరిసిందని నాకు ఒక్కళ్ళూ చెప్పలేదేమిరా? నువ్వు ఊరెళ్ళాక మిగతావి కనిపించాయి. మూలమూలా బూజు. గోడ నేననుకున్న రంగే కాదు. మరదలు నిన్ననే బయల్దేరింది. తను వంటింట్లో అంత నూనె పోస్తుందని కనపడకపోతేనే సుఖంగా ఉండేది. అయినా బంగారం లాంటి పిల్ల, నాకు నెల రోజులు తల దువ్వింది.

వీధిలో వాళ్ళ బట్టలు ఇప్పుడు చూస్తున్నాను. మందుల షాపాయన తెల్ల చొక్కాకి పసుపు దారంతో కాజాలు కుట్టాను! ఏడాదిగా తొడుక్కుని తిరుగుతున్నాడు. బళ్ళో పంతులమ్మ సంచికి రెండు పిడులూ రెండు రంగులు. ఒక్కళ్ళూ ఒక్క మాట అనలేదు. నేను దాచాననుకున్నాను. వాళ్ళందరికీ తెలుసు. తెలిసే బట్టలు ఇస్తూ వచ్చారు. అది గ్రహించాక మిషను ముందు కూర్చుని కరువుతీరా ఏడ్చాను. పసుపు కాజాలు మార్చిస్తానంటే మందుల షాపాయన, వద్దమ్మా అలవాటైపోయింది అన్నాడు.

నీ జనవరి ఉత్తరం తీసి నేనే చదివాను. ప్రతి మాటా. పోస్టుమాన్ ఎక్కడెక్కడ దగ్గాడో తెలిసింది. పిల్లికి బిచ్చం దగ్గర మనసు చివుక్కుమంది. దాని పక్కనే 'నీ కోసం వాళ్ళతో పోట్లాడేవాణ్ణి' అని ఉంది. అది రెండుసార్లు చదివాను. దాచుకుంటాను.

కోటు పంపించు. కంగారుపడకు, నల్ల గుండీ కొనను. డబ్బాలో ఇంకో రెండు నీలం గుండీలు దొరికాయి, అచ్చం దాని జతవే. రెండు నల్లవీ విప్పేసి మూడూ నీలం వేస్తాను. మీ యజమానురాలు అడిగితే అవును, కొత్త ఫ్యాషనే అను. నాన్న నల్లవి రెండూ మరదలికి పంపుతాను, దేనికైనా పనికొస్తాయి. రెండో కన్ను ఆపరేషన్ వచ్చే నెల. నేనే అడిగి తేదీ వేయించుకున్నాను, నువ్వు రానక్కర్లేదు అనడానికి నోరు రావడం లేదు, రా. వచ్చేటప్పుడు ఆ ముప్పై కాగితాల లాంటివి ఇంకేమైనా మిగిలుంటే పట్టుకురా, వెనక వైపు ఖాళీగా ఉంటుంది కదా. ఇంక అంచులు కూడా అయిపోయాయి, నీ చిరునామా పక్కన రాస్తున్నాను. సంతకానికి చోటు లేదు, ఎవరు రాశారో నీకు తెలుస్తుందిలే